ఒంటికి పడే ఉతుకు

పిల్లవాడి మెడ చుట్టూ దద్దుర్లు లేస్తే మన ఇళ్లలో అనుమానితులు ఎప్పుడూ ముగ్గురే: నీళ్లు, తిండి, సర్ఫు. "ఊరు మారాం కదా, నీళ్లు పడినట్టు లేవు" అంటుంది నాయనమ్మ. "నిన్న వంకాయ పెట్టారా?" అని ఫోన్లో అడుగుతుంది మేనత్త. నీళ్లు మార్చలేం. వంకాయ మానేసినా దురద మానదు. ఇక మిగిలింది సర్ఫు. ప్యాకెట్ మారుస్తారు, పది రోజులు చూసి మళ్లీ మారుస్తారు. ఏ ప్యాకెట్‌తో తగ్గిందో, అసలు దానంతటదే తగ్గిందో తెలియకుండానే ఒక బ్రాండు మీద జీవితకాలం నమ్మకం, ఇంకో బ్రాండు మీద జీవితకాలం కోపం ఏర్పడిపోతాయి.

ఈ అధ్యాయంలో ఏ బ్రాండు కొనాలో చెప్పను. ఒకే పేరు మీద నాలుగైదు రకాల డబ్బాలు వస్తాయి, లోపలి పాళ్లు కంపెనీవాళ్లు ఎప్పుడు మారుస్తారో మనకు తెలియదు. కాబట్టి ఏం చూసి కొనాలో చెబుతాను, కొన్నాక ఎలా వాడాలో ఇంకాస్త ఎక్కువ చెబుతాను. సున్నితమైన చర్మం ఉన్నవాళ్ల ఇంట్లో ఏ సబ్బు అన్నదాని కన్నా ఎంత సబ్బు వేశాం, దాన్ని బట్టలోంచి ఎంత బాగా వదిలించాం అన్నవే పెద్ద విషయాలని నా నమ్మకం. కొనేటప్పుడు పట్టుబట్టాల్సింది మాత్రం ఒక్కటుంది. వాసన లేనిది కొనండి.

సబ్బు మీద నేరం మోపేముందు

బట్టల సబ్బు పడకపోవడంలో రెండు రకాలున్నాయి. మొదటిది, సబ్బు చర్మం మీది నూనె పొరను లాగేయడం వల్ల వచ్చే మంట, పొడిబారడం, పగుళ్లు. దీనికి ఎవరి చర్మమూ అతీతం కాదు. ఘాటు ఎక్కువై, ఎక్కువసేపు తగిలితే ఎవరికైనా ఎర్రబడుతుంది. పసిపిల్లలకు, ఎగ్జిమా ఉన్నవారికి, పెద్దవయసు వారికి ఆ పొర ముందే పలచన కాబట్టి త్వరగా వస్తుంది. రెండోది అసలైన అలర్జీ. ఒక పదార్థాన్ని శరీరం పగబట్టినట్టు గుర్తుపెట్టుకుని, అది చిటికెడు తగిలినా ఒకటి రెండు రోజుల్లో దద్దురు లేపుతుంది. అందరూ భయపడేది రెండోదానికి, ఎక్కువగా జరిగేది మొదటిది. 2002లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో చర్మవ్యాధి క్లినిక్కులకు వచ్చిన 738 మందికి డిటర్జెంట్లతో పరీక్ష చేసి చూశారు. అలర్జీ తేలినవారు నూటికి ఒక్కరు కూడా లేరు.

మరి ఆ దద్దుర్లు ఎక్కడివి? అవి ఎక్కడ లేచాయో చూస్తే సగం తెలుస్తుంది. బట్ట వల్ల వచ్చేవి సాధారణంగా బట్ట ఒరుసుకునే చోట వస్తాయి: నడుము పట్టీ కింద, తొడల లోపలివైపు, మెడ మడతల్లో, చంకల అంచుల్లో. చంక గుంటలో కాకుండా దాని చుట్టూ అంచున మాత్రమే ఎర్రబడితే బట్టను అనుమానించవచ్చు. గుంటలోనే వస్తే ముందు డియోడరెంట్‌ను అనుమానించండి. బొడ్డు కింద రూపాయి బిళ్లంత మచ్చ వస్తే జీన్స్ ప్యాంటు గుండీలోని నికెల్ చాలా తరచుగా కారణమవుతుంది. అంచు ఎర్రగా, మధ్యలో మామూలుగా, గుండ్రంగా పాకుతుంటే అది తామర. దానికి సబ్బు మార్చి లాభం లేదు. మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిపిన క్రీము రాస్తే ముందు తగ్గినట్టుండి తర్వాత ముదురుతుంది. రాత్రిపూట దురద ఎక్కువై, వేళ్ల సందుల్లో పొక్కులు వచ్చి, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటుంటే గజ్జి అయి ఉండవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో వీపు మీద వచ్చేవి చాలావరకు వట్టి చెమటకాయలు.

ఉతికిన బట్ట వల్లే వచ్చినా సబ్బుతో సంబంధం లేకపోవచ్చనడానికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి పూర్వం చాకళ్లు నల్లజీడి గింజ రసంతో బట్ట మూల గుర్తు పెట్టేవారు. ఎన్ని ఉతుకులకైనా పోని గుర్తు అది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మన దేశంలో ఉన్న అమెరికా సైనికుల్లో కొందరికి మెడ వెనక, నడుము దగ్గర పుళ్లు లేచాయి. వైద్యులు ఆరా తీస్తే ఆ పుళ్లు సరిగ్గా చాకలి గుర్తు తగిలే చోటే ఉన్నాయి. 1943లో వైద్య పత్రికకు కూడా ఎక్కిన సంగతి ఇది. సబ్బు ఎన్నిసార్లు మార్చినా ఆ పుండు మానేది కాదు.

ఈ రోజుల్లో నల్లజీడి పాత్రను కొత్త బట్టలు పోషిస్తున్నాయి. ముడత పడకుండా వేసే ఫార్మాల్డిహైడ్ పూత, పాలిస్టర్ లైనింగులకు వేసే ముదురు నీలం రంగులు అలర్జీలకు పేరుపడ్డవి. పుట్టినరోజు బట్టలు షాపు మడతతోనే తొడగాలన్న ముచ్చటను పక్కనపెట్టి, ఒకసారి ఉతికి తొడగండి. బీరువాలో కలరా ఉండలు వేసి దాచిన పాత బట్టలు, దుప్పట్లు పసిపిల్లలకు నేరుగా వాడకండి. జీ-సిక్స్-పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పిల్లలకు ఆ నాఫ్తలీన్ ఆవిరి వల్ల రక్తకణాలు చిట్లి, ప్రమాదకరమైన కామెర్లు రావచ్చు. ఇది చర్మం గొడవ కన్నా చాలా పెద్దది. బారసాల నాటికి పాత ఉయ్యాల గుడ్డలు అటక మీంచి దించే ఇళ్లన్నీ గుర్తుంచుకోవాలి.

ఇవన్నీ చూసుకున్నాక కూడా అనుమానం సబ్బు మీదే నిలిస్తే, అప్పుడు ప్యాకెట్ దగ్గరకు వద్దాం.

ప్యాకెట్ లోపల

మురికిని పట్టి లాగే పదార్థం, నీటిలోని కాల్షియాన్ని అడ్డుకునే పదార్థం, చాకలి సోడా, మరకలు తినే ఎంజైములు, బట్ట తెల్లగా కనిపించడానికి మెరుపు రంగు, సువాసన. లిక్విడ్ అయితే చెడిపోకుండా నిలవ మందు. చౌక పొడుల్లో బరువు కోసం ఉప్పు లాంటివి కూడా. పాళ్లు ఎన్ని మారినా ఇవాళ బట్టల సబ్బులో సాధారణంగా ఉండే సరుకులు ఇవే.

వీటిలో చర్మానికి చికాకు తెచ్చేది, ఉతుకుకు ఏమాత్రం అవసరం లేనిది సువాసన. మురికి పోవడంలో దానికి పాత్ర లేదు. తాకుడు వల్ల వచ్చే అలర్జీలకు ప్రపంచమంతటా పెద్ద కారణాల్లో పరిమళ ద్రవ్యాలు ఒకటి. పైగా మిగతా సరుకులో ఎక్కువభాగం నీళ్లతో పోవాలని తయారుచేస్తారు, ఇది మాత్రం పోకుండా బట్టకు పట్టుకుని ఉండాలని తయారుచేస్తారు. "రోజంతా తాజా పరిమళం" అని ప్రకటనలో చెప్పేదాని అర్థం అదే: నూలుపోగుల మీద కంటికి కనిపించని గుళికలు అతుక్కుని, ఒంటితో రాసుకున్నప్పుడల్లా పగులుతుంటాయి. పిల్లవాడి చొక్కా మంచి వాసన వేస్తోందంటే, ఆ పదార్థం ఇంకా చొక్కాలోనే ఉందన్నమాట.

ఇదే లెక్కన చివర్లో వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్ ఇంకా అనుమానించదగ్గది. అది బట్ట మీద పొరలా నిలిచి ఉండాలనే పుట్టింది, దానిలో సువాసన పాలూ ఎక్కువే. దురద ఉన్న ఇంట్లో డిటర్జెంట్ మార్చడానికి ముందే కండిషనర్ ఆపేయండి. కొందరికి అక్కడితోనే సమస్య తగ్గవచ్చు, ఖర్చు కూడా తగ్గుతుంది. బకెట్లో మూతెడు యాంటీసెప్టిక్ లిక్విడ్ పోసే అలవాటు కూడా అంతే. ఇంట్లో ఎవరికీ అంటువ్యాధి లేనప్పుడు ఉతికి ఎండలో ఆరేసిన బట్టకు అది అక్కర్లేదు.

ఇక అట్టపెట్టె మీది మాటలు. "హైపోఎలర్జెనిక్", "డెర్మటాలజిస్టులు పరీక్షించినది" అన్నవాటికి అందరూ పాటించాల్సిన ఒక కొలత అంటూ లేదు. పరీక్షించారు సరే, ఫలితం ఏమిటో చెప్పరు. "బేబీ" అన్న మాట ఉన్నంత మాత్రాన వాసన లేనట్టు కాదు, పసిపిల్లల లిక్విడ్‌లలో చాలావాటికి కమ్మని పరిమళం కలుపుతారు. "మొక్కల నుంచి తీసినది" అన్నా నమ్మేయకండి. నిమ్మ నూనెలోని లిమొనీన్, లావెండర్ నూనెలోని లినలూల్ గాలి తగిలి పాతబడ్డాక అలర్జీ తెచ్చే పదార్థాలుగా మారతాయి. "అన్‌సెంటెడ్" అని రాసినదాంట్లో రసాయనాల వాసన తెలియకుండా కప్పిపెట్టడానికి ఇంకో పరిమళం కలిపి ఉండవచ్చు. మీరు వెతకాల్సిన మాట "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ".

ఆ మాట ఉన్న డబ్బా వీధి చివర కిరాణా కొట్లో దొరకడం కష్టం. ఆన్‌లైన్‌లో, పెద్ద సూపర్ మార్కెట్లలో వెతకాలి. మన దగ్గర డిటర్జెంట్ ప్యాకెట్ల మీద పూర్తి పదార్థాల జాబితా కనిపించేది తక్కువ. కానీ కస్టమర్ కేర్ నంబరు ఉంటుంది. ఫోన్ చేసి, పరిమళం ఉందా, అలర్జీ తెచ్చే ఐసోథయాజోలినోన్ రకం నిలవ మందు ఉందా అని అడగండి. సూటిగా జవాబు చెప్పని కంపెనీ సరుకు కొనకపోతే నష్టమేమీ లేదు. విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఈ బాధ తక్కువ. అమెరికాలో దాదాపు ప్రతి పెద్ద బ్రాండుకూ రంగు, వాసన లేని "ఫ్రీ" రకం ఒకటి ఉంటుంది, నేషనల్ ఎగ్జిమా అసోసియేషన్ ముద్ర ఉన్నవీ దొరుకుతాయి. యూరప్‌లో 2005 నుంచి, 0.01 శాతం దాటితే అలర్జీ తెచ్చే పరిమళ పదార్థాల పేర్లు డబ్బా మీద రాయాల్సిందే. అయితే చలికాలంలో కూతురి దగ్గరకు వెళ్లిన అమ్మానాన్నలు కాళ్లు దురదపెడుతున్నాయని అక్కడి సబ్బును తిట్టుకునే ముందు, రోజంతా నడిచే హీటర్ వల్ల ఆరిపోయిన గాలి సంగతి కూడా ఆలోచించాలి.

పొడా, లిక్విడా? పొడి కలిపిన నీళ్ల పీహెచ్ సాధారణంగా 10, 11 దగ్గర ఉంటుంది. మన చర్మం పైపొర 5కు అటూ ఇటూ ఉంటుంది. లిక్విడ్‌లు దీనికి కొంత దగ్గరగా ఉంటాయి, చల్లనీళ్లలో పలుకులు మిగలకుండా కరుగుతాయి. అందుకని చేత్తో ఉతికే ఇంటికి లిక్విడ్ మేలు. కానీ లిక్విడ్‌లో నిలవ మందు తప్పదు. వాటిలో మిథైల్ ఐసోథయాజోలినోన్ అనేదాన్ని అమెరికాలోని తాకుడు అలర్జీల వైద్యుల సంఘం 2013లో ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. చర్మ వైద్యులు చేసే ప్యాచ్ టెస్టులో ఆ పేరు బయటపడినవారికి వాసన లేని పొడే దారి. మిగతావారు ఏది వాడినా, బాగా జాడిస్తే చాలు.

ఎంజైముల మీద ఉన్న భయం నా దృష్టిలో అతి. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1960ల చివర ఫ్యాక్టరీల్లో ఎంజైము ధూళి పీల్చిన కార్మికులకు ఆస్తమా వచ్చింది. ఆ తర్వాత ఎంజైమును ధూళిగా లేవకుండా గుళికల్లో పొదగడం మొదలుపెట్టారు. ఇంట్లో వాడేవారి చర్మానికి వీటివల్ల హాని జరుగుతోందనడానికి గట్టి ఆధారం లేదు. పప్పు, చెమట, పాలు లాంటి మరకలను తక్కువ సబ్బుతో వదిలిస్తాయి కాబట్టి ఒక రకంగా మంచే చేస్తాయి. పట్టు, ఉన్ని బట్టలకు మాత్రం వాడకూడదు. అవీ మాంసకృత్తులే, ఎంజైము వాటినీ తింటుంది. తెల్లదనం ఇచ్చే మెరుపు రంగులు కూడా బట్ట మీద మిగిలిపోయేవే కానీ, వాటివల్ల అలర్జీ చాలా అరుదు. లేని రకం దొరికితే తీసుకోండి, దొరకలేదని బెంగపడకండి.

కుంకుడుకాయలు వాడమంటారా అని అడుగుతారు. పట్టుచీరకు, ఉన్ని శాలువకు భేషుగ్గా వాడండి. గింజ తీసి నానబెట్టి, రసం పిండి, వడకట్టి, అదే రోజు వాడేయాలి. నిలవుంటే పులిసి కంపు కొడుతుంది. రోజువారీ స్కూలు యూనిఫారాలకు, నూనె జిడ్డు పట్టిన వంటింటి గుడ్డలకు ఆ రసం చాలదు. ప్రకృతి సిద్ధం కాబట్టి ఏమీ చేయదనుకోవద్దు. తలంటు పోసుకునేటప్పుడు కుంకుడు రసం కంట్లో పడిన ప్రతివారికీ దాని ఘాటు తెలుసు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బండి మీద, పాత నీళ్ల సీసాల్లో లూజుగా అమ్మే "లిక్విడ్" కొనకండి. ఏం కలిపారో, ఎంత ఘాటో ఎవరికీ తెలియదు. అంతకన్నా పెద్ద ప్రమాదం, పిల్లలు శర్బత్ అనుకుని తాగేస్తారు.

మీ నీళ్లు ఎలాంటివి

ఒకే సర్ఫు గోదావరి ఒడ్డున ఒకలా, అనంతపురం బోరు నీళ్లలో ఇంకోలా పనిచేస్తుంది. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే సబ్బులో కొంత వాటిని పట్టుకోవడానికే ఖర్చయిపోతుంది. నురగ రాదు, మనం ఇంకో చెంచా వేస్తాం. తాగేనీటి కోసం మన దేశ ప్రమాణం చెప్పే కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా సర్దుకోవచ్చంటుంది. తెలుగు నేల మీద దాన్ని కూడా దాటే బోర్లు ఉన్నాయి. హైదరాబాద్ అపార్టుమెంట్లలో కృష్ణా నీళ్లు, బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకరు నీళ్లు ఒకే సంపులో కలుస్తాయి కాబట్టి మార్చిలో సరిపోయిన కొలత మేలో సరిపోదు.

పరీక్ష సులువే. మూతున్న రెండు సీసాలు తీసుకుని ఒకదాంట్లో కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో వాన నీళ్లో ఆర్ఓ నీళ్లో సగానికి పోయండి. రెండింటిలోనూ స్నానం సబ్బు తురుము సమానంగా వేసి బాగా కుదపండి. కుళాయి నీళ్లలో నురగ రాకుండా తెల్లటి తరకలు తేలితే అవి కఠినమైన నీళ్లు. పాతకాలపు బట్టల సబ్బు బిళ్ల అలాంటి నీళ్లలో ఇవే తరకలను బట్టకు పట్టిస్తుంది. కఠిన జలం ఉన్నచోట డిటర్జెంటే వాడాలి. నీళ్లను కొంత మెత్తబరిచే సరుకు పొడుల్లో ఉంటుంది కాబట్టి అక్కడ పొడి బాగా పనిచేస్తుంది.

అంతమాత్రాన పిల్లల ఎగ్జిమా కోసం వేలు పోసి సాఫ్ట్‌నర్ యంత్రం బిగించనక్కర్లేదు. ఇంగ్లండులో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లల మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2011లో వచ్చాయి. సాఫ్ట్‌నర్ పెట్టిన ఇళ్ల పిల్లలకు, పెట్టని ఇళ్ల పిల్లలకు జబ్బులో తేడా కనిపించలేదు. గీజరు బతుకు పొడిగించడానికి కొనుక్కుంటామంటే అది వేరే సంగతి.

జాడింపు లెక్క

ఇప్పుడు అసలు విషయం. నురగ ఎక్కువ వస్తే మురికి ఎక్కువ పోతుందని మనకో నమ్మకం. మురికికీ నురగ ఎత్తుకూ పెద్ద సంబంధం లేదు. నురగ ఎక్కువైతే వదిలించడానికి నీళ్లు ఎక్కువ కావాలి, అంతే.

చిన్న లెక్క వేద్దాం. బకెట్లోంచి తీసిన బట్టలు పిండకుండా ఉంటే 2 లీటర్ల సబ్బు నీళ్లు పట్టుకుని ఉన్నాయనుకోండి. 10 లీటర్ల మంచినీళ్లలో ముంచి తీస్తే ఆ సబ్బు మొత్తం 12 లీటర్లలో పలచబడుతుంది, అంటే గాఢత ఆరో వంతుకు తగ్గుతుంది. రెండోసారి ఇంకో 10 లీటర్లలో ముంచితే 36వ వంతు. అదే బట్టల్ని ప్రతిసారీ గట్టిగా పిండి, పట్టుకున్న నీళ్లను 1 లీటరుకు తగ్గించి జాడిస్తే? మొదటిసారికే 11వ వంతు, రెండోసారికి 121వ వంతు. నీళ్లు అవే, సబ్బు మిగలడం మూడు రెట్లకు పైగా తగ్గింది. నీటి కరువున్న ఇంటికి ఇంకో మెలకువ: పిండిన బట్టల్ని 10 లీటర్లలో ఒకేసారి జాడిస్తే 11వ వంతు దగ్గర ఆగుతుంది. ఆ 10 లీటర్లనే అయిదు, అయిదుగా రెండు బకెట్లలో పోసి, మధ్యలో పిండి జాడిస్తే 36వ వంతుకు దిగుతుంది. ఏ ఖరీదైన లిక్విడ్ కొన్నా ఇంత తేడా రాదు.

సెమీ ఆటోమేటిక్ మెషీన్ ఉన్నవారు ఉతుకు అయ్యాక నేరుగా నీళ్లు పట్టకుండా, బట్టల్ని ఒకసారి డ్రయ్యర్లో వేసి సబ్బు నీళ్లు తీసేసి, అప్పుడు జాడించాలి. పిండటం బదులు అది. ఆటోమేటిక్‌లో "ఎక్స్‌ట్రా రిన్స్" అనే మీట ఉంటుంది, సున్నిత చర్మం ఉన్న ఇంట్లో అది ఎప్పుడూ నొక్కే ఉండాలి. పావుగంట "క్విక్ వాష్" పిల్లల బట్టలకు వద్దు, జాడించే సమయంలోనే కోత పెట్టడం దాని పద్ధతి. డ్రమ్ము నిండా కుక్కితే నీళ్లు కదలవు, పైన ఒక జానెడు ఖాళీ ఉంచండి. ఫ్రంట్ లోడ్‌లో చేతి ఉతుకు పొడి వేయకండి, ఆ నురగ డ్రమ్ము తిరిగే వేగాన్నే అడ్డుకుంటుంది. ప్యాకెట్ మీద రాసిన కొలత బాగా మురికిపట్టిన నిండు లోడుకు అనుకోండి. ఆఫీసు బట్టలకు, ఒక పూట తొడిగిన చొక్కాలకు అందులో సగంతో మొదలుపెట్టి, చాలకపోతేనే పెంచండి.

సబ్బు నిజంగా వదిలిందా లేదా తెలుసుకోవడానికి, ఉతికి ఆరిన తువ్వాలు ఒకదాన్ని తెల్లటి టబ్బులో వేసి, మంచినీళ్లు పోసి చేత్తో కలియబెట్టండి. నురగ తేలినా, నీళ్లు తెల్లగా మసకబారినా మీ ఇంట్లో బట్టలన్నీ సబ్బు మోస్తున్నాయన్నమాట. అప్పుడు కొత్త డిటర్జెంట్ కొనడానికి ముందు, ఉన్న దుప్పట్లు, దిండు గలీబులు, బనియన్లు, తువ్వాళ్లు అన్నిటినీ ఒకసారి వట్టి నీళ్లలో తిప్పి తీయాలి. పాత సబ్బు పాతుకుపోయిన బట్టల మీద కొత్త సబ్బును పరీక్షిస్తే ఏమీ తేలదు.

జాడింపు నీళ్లలో వెనిగర్ పోయమనే సలహా ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. బాగా జాడించిన బట్టకు దానితో పనిలేదు. బ్లీచ్ వాడే ఇంట్లో అయితే అసలు ముట్టుకోవద్దు. బ్లీచ్‌లో వెనిగర్ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది.

ఇంకో మాట. పాపాయి గుడ్డలకు మాత్రం ఖరీదైన బేబీ లిక్విడ్, మిగతావారికి ఘుమఘుమలాడే పొడి వాడే ఇళ్లు చాలా ఉన్నాయి. పాపాయి నిద్రపోయేది అమ్మ నైటీ మీద, అమ్మమ్మ చీర కుచ్చెళ్లలో, నాన్న భుజం మీది తువ్వాలు మీద. ఇంట్లో ఒకరికి పడనప్పుడు అందరి బట్టలూ అదే వాసన లేని సబ్బుతో ఉతకాలి. రెండు డబ్బాలకు అయ్యే ఖర్చు ఒకే మంచి డబ్బాకు పెట్టండి, సగం కొలతతో వాడితే బడ్జెట్ దాటదు.

ఉతికే చేతులు

బట్ట తొడిగేవారి ఒంటికి తగిలేది జాడించగా మిగిలిన సబ్బు. ఉతికేవారి చేతికి తగిలేది పూర్తి ఘాటు. అయినా సున్నితమైన చర్మం అనగానే పిల్లవాడి మెడే గుర్తొస్తుంది కానీ, బండ దగ్గర కూర్చున్న మనిషి వేళ్ల పగుళ్లు ఎవరికీ గుర్తు రావు. బట్టల బిళ్లను అరచేత్తో పట్టుకుని రుద్దడం, గుప్పెడు పొడి తడి చేత్తో తీయడం, నానబెట్టిన నీళ్లను చేత్తో కలపడం, ఈ మూడూ చర్మాన్ని తినేసే పనులు. పొడిని మగ్గులో కొలిచి కర్రతో కలపాలి. ఉంగరాలు, గాజులు తీసి మొదలుపెట్టాలి. చేతి ఎగ్జిమా చాలామందిలో ఉంగరం కిందే మొదలవుతుంది, అక్కడ సబ్బు నీళ్లు చిక్కుకుని ఆరవు. సబ్బు నీళ్లలో కాళ్లు పెట్టి ఉతికేవారికి మెట్టెల కింద కూడా ఇదే జరుగుతుంది.

లోపల పలచటి నూలు తొడుగు, పైన నైట్రైల్ లేదా వినైల్ గ్లౌజు వేసుకోవాలి. కొందరికి రబ్బరు గ్లౌజే దురద తెస్తుంది. ఇరవై నిమిషాలకు మించి ఉంచితే లోపల చెమట పట్టి మళ్లీ అదే కథ, మధ్యలో తీసి ఆరనివ్వాలి. పని అవగానే చేతులు కడిగి, తడి పూర్తిగా ఆరకముందే వాజిలిన్ గానీ కొబ్బరినూనె గానీ రాయాలి.

మీ ఇంట్లో బట్టలు ఉతకడానికి ఒకావిడ వస్తుంటే, ఆవిడ చర్మం కూడా మీ ఎంపికలో భాగమే. రోజూ నాలుగైదు ఇళ్లలో నాలుగైదు రకాల పొడులు ఆవిడ చేతుల మీదే కరుగుతాయి. గ్లౌజులు మీరే కొనివ్వండి, సైజు ఆవిణ్నే అడగండి. "అలవాటే లేమ్మా" అంటే అక్కడితో వదిలేయకండి.

నెల రోజుల పరీక్ష

మార్పులన్నీ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. కాబట్టి మొదట కండిషనర్, యాంటీసెప్టిక్ ఆపి, కొలత సగానికి తగ్గించి, జాడింపు పెంచి రెండు వారాలు చూడండి. సబ్బు మాత్రం పాతదే ఉంచండి. అప్పటికీ తగ్గకపోతే వాసన లేనిది కొని, పైన చెప్పినట్టు బట్టలన్నీ వట్టి నీళ్లలో తిప్పి, నెల రోజులు వాడండి. పది రోజులకే విసిగిపోవద్దు, దెబ్బతిన్న చర్మం పొర కోలుకోవడానికి వారాలు పడుతుంది. ఈలోపు స్నానం అయిన వెంటనే రాసే మాయిశ్చరైజర్ మానకూడదు, పిల్లల ఎగ్జిమాలో సబ్బు మార్చడం కన్నా అదే ఎక్కువ మేలు చేస్తుంది. దుమ్ములోని సూక్ష్మ పురుగులు పడని పిల్లలుంటే దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకండి. పూర్తిగా తగ్గిపోయాక పాత సబ్బుతో ఒక్క బనియన్ ఉతికి తొడిగి చూడవచ్చు. మళ్లీ ఎర్రబడితే నేరం రుజువైనట్టు. ఏమీ కాకపోతే పాత సబ్బు నిర్దోషి.

డిటర్జెంట్ చుక్కను చర్మం మీద పెట్టి ప్లాస్టర్ అంటించి ఇంట్లోనే ప్యాచ్ టెస్ట్ చేసుకోకండి. నీళ్లు కలపని డిటర్జెంట్ అలా కట్టి ఉంచితే అలర్జీ లేనివారికి కూడా చర్మం కాలిపోతుంది. అసలు పరీక్ష చర్మ వైద్యులు చేస్తారు. పలచబరిచిన పదార్థాలను వీపు మీద అతికించి, రెండు రోజుల తర్వాత తీసి, మరో రెండు రోజులకు మళ్లీ చూస్తారు. నెల రోజుల జాగ్రత్త తర్వాత కూడా దురద నిద్ర చెడగొడుతుంటే ఆ పరీక్ష చేయించుకోవడం మంచిది. రసి కారుతున్నా, చీము పట్టినా, జ్వరం తోడైనా నెల దాకా ఆగకుండా అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్లండి. పెదాలు, కళ్లు వాచి ఊపిరి ఆడకపోతే నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మీరు వాడుతున్న డిటర్జెంట్, కండిషనర్, స్నానం సబ్బు, క్రీముల ప్యాకెట్లు ముందూ వెనకా ఫోటోలు తీసి పట్టుకెళ్లండి. దద్దుర్లు ఎక్కువగా ఉన్న రోజు తీసిన ఫోటో కూడా ఒకటి ఉంచుకోండి, అపాయింట్‌మెంట్ దొరికేసరికి అవి తగ్గిపోయి ఉండవచ్చు.